ఉషారాణి చంటి కంప్యూటర్‌కి ఊపిరాడిన వైనం

ఉషారాణి సాధించిన మొట్టమొదటి ఘనకార్యం ఏమిటంటే, గ్లాసులో పోసిన కాఫీ చల్లారేలోపు తన చంటి కంప్యూటర్‌ని నిద్రలేపి కూర్చోబెట్టడం. ఇదేం ఘనకార్యం అనేవాళ్ళు అంతకుముందు దాని నిద్ర చూసి ఉండరు. బొత్తాం నొక్కి, పెరట్లోకి వెళ్ళి, కుళాయి దగ్గర బిందె నింపుకుని, అత్తగారు ఎండబెట్టిన చేపల మీంచి కాకుల్ని తోలి, మళ్ళీ వచ్చి చూసినా అది నల్లమొహం పెట్టుకుని ఒక చిన్న చక్రం తిప్పుకుంటూ ఉండేది. అలాంటిదాన్ని, గ్లాసు మీద ఆవిరి లేస్తూ ఉండగానే తెర మీద బొమ్మ తెచ్చేలా మార్చింది. ఓడలరేవు ఊళ్ళో పడవ ఇంజన్లు విప్పి బిగించేవాళ్ళు వీధికొకరున్నారు. ఇంట్లో చాప మీద కూర్చుని, బయటివాళ్ళని వేలు పెట్టనివ్వకుండా కంప్యూటర్‌ని దారికి తెచ్చిన మనిషి మాత్రం ఉషారాణి ఒక్కతే.

ఆ మనిషి సంగతే అంత. వలలల్లే ఇంట్లో పుట్టి జువాలజీలో పీజీ చేసింది. ప్రాక్టికల్ పరీక్షలో రొయ్య కాళ్ళూ మీసాలూ ఒక్కటి విరక్కుండా అట్ట మీద వరసగా అంటిస్తే, పరీక్ష చెయ్యడానికి వచ్చిన మాస్టారు "ఇది నేను పట్టుకెళ్ళచ్చా అమ్మా" అని అడిగి మరీ పట్టుకెళ్ళేరు. స్కూటర్‌ని రేవు దాటించే పంటు మీదికి ఎక్కించడం, దింపడం ఎవరి సాయమూ లేకుండా చేసిన మొదటి ఆడమనిషి ఈ రేవులో ఆవిడే. తొలిసారి ఎక్కించినప్పుడు పంటు మీదున్న మగవాళ్ళంతా సాయానికి చేతులు చాచి, ఆవిడ చూసిన చూపుకి ఆ చేతుల్ని తలల మీదికి పోనిచ్చి జుట్టు సవరించుకున్నారు. పెళ్ళయి పెద్దింట్లమ్మ గారి ఇంటికి కోడలై వచ్చేక చుట్టుపక్కల రొయ్యల చెరువులకి డాక్టరమ్మ అయింది. రొయ్య మేత మానేసినా, గట్టు పక్కకి వచ్చి మందకొడిగా తిరిగినా ఉషారాణికి ఫోను వచ్చేది.

ఆవిడ పని చేసే తీరు వేరు. మిగతావాళ్ళు రొయ్యని అటూ ఇటూ తిప్పి చూసి, పెదవి విరిచి, ఒక మందు పేరు చెప్పి వెళ్ళిపోతారు. ఉషారాణి చేతివేలంత కెమెరా మైక్రోస్కోపుని నెట్‌బుక్‌కి తగిలించి, రొయ్య మొప్పని దాని కింద పెట్టి, లోపలున్నది రైతు కళ్ళకి చూపించేది. ఫోన్లో చూపించచ్చు కదా అని అడిగినవాళ్ళున్నారు. ఎండలో గట్టు మీద నిలబడి ఫోను చూస్తే అందులో ఎవరి మొహం వాళ్ళకే కనిపిస్తుంది గానీ రొయ్య కనిపించదని ఆవిడ జవాబు. పైగా చెరువు దగ్గర రైతు ఒక్కడే ఉండడు. అన్నదమ్ములు, పక్క చెరువువాళ్ళు, మేత చల్లేవాళ్ళు అందరూ మూగుతారు, అందరికీ కనపడాలి. పెద్ద ల్యాప్‌టాప్ అయితే నావలో ఒళ్ళో ఇమడదు. నెట్‌బుక్ అయితే పలకంత ఉంటుంది, సంచిలో పడేస్తే టిఫిన్ డబ్బా పక్కన సర్దుకుపోతుంది.

దానికి చంటిది అని పేరు పెట్టింది అత్తగారు పెద్దింట్లమ్మ. కంప్యూటర్లలో అది ఇంకా పాలు మానని పిల్ల అని ఆవిడ నమ్మకం. పెద్దింట్లమ్మది మూడు తరాలుగా పడవల ఇల్లు. నీళ్ళ మీదికి వెళ్ళే వస్తువేదీ పసుపూ బొట్టూ లేకుండా గడప దాటకూడదని ఆవిడ నియమం. పడవ ముక్కుకి పసుపు, ఇంజన్‌కి పసుపు, కొత్త వలకి పసుపు. కోడలితోపాటు రోజూ రేవు దాటి లంక చెరువులకి వెళ్ళొచ్చే చంటిదానికి మాత్రం లోటెందుకు చేస్తుంది? పొద్దున్నే ఉషారాణి జడ వేసుకుంటుంటే ఆవిడ తడి పసుపూ కుంకుమా పెట్టి, సాంబ్రాణి ధూపం వేసి, సంచిలో పెట్టి అందించేది. మూత కిర్రుమంటోందని రెండు చుక్కలు కొబ్బరినూనె కూడా వేసేది. ఇంత సేవ ఏ కంప్యూటర్‌కీ జరిగి ఉండదు. అయినా అది రోజురోజుకీ మందగించడం మొదలెట్టింది.

ఉషారాణి మొదట్లో పట్టించుకోలేదు. పట్టించుకోక తప్పని రోజు సత్యదుర్గారావు గారి చెరువు గట్టు మీద వచ్చింది.

సత్యదుర్గారావు గారు అవతలి లంకలో రొయ్యల రైతు. మర్యాదస్తుడు. కానీ కళ్ళతో చూస్తే తప్ప ఏదీ నమ్మడు. కొబ్బరికాయ చేతిలో పెట్టి నీళ్ళున్నాయని చెబితే చెవి దగ్గర ఊపి చూసుకునే రకం. ఆ వారం ఆయన చెరువులో రొయ్యలు అంచులకి వచ్చి పైకి తేలుతున్నాయి. పెంకు మీద మసక మసకగా ఉంది. పక్క చెరువు జనార్దన్ వచ్చి చూసి, ఇది తెల్లమచ్చ రోగం, వెంటనే పట్టేయకపోతే మిగిలేది నీళ్ళే అన్నాడు. జనార్దన్ చెడ్డవాడు కాదు, ఏ విషయమైనా అందరికంటే ముందు చెప్పకపోతే ఉండలేడంతే.

ఉషారాణి రొయ్యని పట్టి చూసింది. అది తెల్లమచ్చ కాదని చెయ్యి తగలగానే అనిపించింది. మసక పెంకు లోపల లేదు, పైన బూజులా ఉంది. చంటిదాన్ని తెరిచింది. అది మెల్లగా, చాలా మెల్లగా లేచింది. గట్టు మీదున్నవాళ్ళు నిలబడి నిలబడి కూర్చున్నారు. చివరికి మొప్ప మీద పువ్వులాంటి ఆకారం ఒకటి తెర మీదికి తేలుతూ ఉండగా, ఇక చూపించేస్తాను అనుకున్న క్షణంలో, చంటిది కళ్ళు మూసేసింది. బ్యాటరీ అయిపోయింది.

జనార్దన్ నెమ్మదిగా అన్నాడు.

"చెల్లెమ్మగారి కంప్యూటర్‌కి కూడా తెల్లమచ్చ వచ్చినట్టుందండి."

లంకకి ఇంకా సరైన కరెంటు లేదు. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరిగేది డీజిల్ ఇంజన్ మీద. చంటిదానికి తగిలించడానికి ప్లగ్గు కావాలంటే మళ్ళీ నావ ఎక్కి ఓడలరేవు రావాలి. ఉషారాణి సంచి సర్దుకుంటుంటే సత్యదుర్గారావు గారు దగ్గరికి వచ్చి ఎంతో మర్యాదగా చెప్పేడు.

"అమ్మాయిగారూ, మీ చదువు మీద నాకు గౌరవం ఉందండి. కానీ సగం ఎదిగిన రొయ్యని పడితే నా పంట సగమే. పట్టకుండా ఉంచితే, ఆయన చెప్పిన రోగమే అయితే, ఆ సగమూ ఉండదు. శుక్రవారం పొద్దున్న పట్టుబడికి వల మనుషుల్ని రమ్మన్నాను. వాళ్ళు నీళ్ళలో దిగేలోపు మీరన్నది నా కళ్ళకి చూపించండి. ఆయ్, చూపిస్తే ఆపేస్తాను."

ఆవిడ సరేనండి అంది. నావ ఓడలరేవు చేరేసరికి ఆవిడకంటే ముందే ఆవిడ కొత్త పేరు ఒడ్డుకి చేరింది. కునుకు డాక్టరమ్మ. ఎవరు మోసుకొచ్చేరో తెలీదు గానీ టీ దుకాణం దగ్గర ఒకాయన చాలా ఆప్యాయంగా, డాక్టరమ్మగారూ ఇవాళ కాస్త పెందలాడే పడుకోండి అని సలహా ఇచ్చేడు. ఇక శుక్రవారం నాడు కూడా చంటిది కునుకు తీస్తే, బాగుపడాల్సిన పంట ఎదగకుండానే గట్టు మీదికి వచ్చేస్తుంది. ఆ తర్వాత ఏ చెరువువాళ్ళూ ఆవిడకి ఫోను చెయ్యరు.

ఆ రాత్రి అన్నం తింటూ ఉషారాణి భర్త దొరబాబుకి జరిగింది చెప్పింది. దొరబాబు పడవ ఇంజన్ల మెకానిక్కు. స్నేహితుడి పెద్ద ల్యాప్‌టాప్ అడిగి తెస్తానన్నాడు. ఆవిడ వద్దంది. ఒకరి వస్తువు నావలో తడిస్తే ఏం చెబుతాం అన్నది పైకి చెప్పిన కారణం. అసలు కారణం, ఓడిపోయింది చంటిది కాబట్టి గెలవాల్సింది కూడా చంటిదే అని. బ్యాటరీ పాతది కూడా కాదు, కిందటి శ్రావణంలోనే అమలాపురంలో మార్పించింది. మరి ఆ బలమంతా ఎక్కడికి పోతోందో కనిపెట్టాలి.

మర్నాడు మధ్యాహ్నం చాప పరిచి మొదలెట్టింది. ముందుగా కంప్యూటర్ కడుపులో ఏముందో చూసింది. కడుపు నిండా మరిది పెళ్ళి వీడియో ఉంది. స్నాతకం నుంచి అప్పగింతల దాకా, భోజనాల బంతితో సహా. ఇంకేదీ కదలడానికి చోటు లేదు. తీసేద్దామంటే అది పెద్దింట్లమ్మ గారి మధ్యాహ్నపు కాలక్షేపం. రోజూ భోజనం అయ్యేక ఆవిడ అప్పగింతలు పెట్టించుకుని కళ్ళు తుడుచుకునేది, అప్పగించింది ఆవిడ కూతుర్ని కాకపోయినా సరే. ఉషారాణి ఆ వీడియోని ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి టీవీకి తగిలించింది. పెద్దింట్లమ్మ మొదట అనుమానంగా చూసి, తర్వాత కుర్చీ ముందుకి జరుపుకుని, ఇన్నాళ్ళూ తెలియలేదుగానీ వియ్యపురాలు కట్టింది పాత చీరే అని తేల్చింది. అక్కడితో ఆ తగువు తీరిపోయింది.

తర్వాత, బొత్తాం నొక్కగానే ఏమేమి లేస్తున్నాయో చూసింది. దొరబాబు కూడా పక్కన కూర్చుని చూసి, పడవ తాడు విప్పకముందే ఇంతమంది ఎక్కి కూర్చుంటే ఇంజన్ ఏం లాగుతుందన్నాడు. నిజమే. ఇంట్లో ఎన్నడూ లేని ప్రింటర్ తాలూకు ప్రోగ్రాం ఒకటి ఎక్కి కూర్చుంది. కాలేజీ రోజుల కబుర్ల పెట్టె ఒకటి, పాటలది ఒకటి, ఎందుకొచ్చిందో దానికే తెలియనిది ఇంకొకటి. అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, వైరస్ రాకుండా కాపలా కాసేవి రెండున్నాయి. ఒకదాన్నొకటి దొంగ అనుకుని రోజంతా సోదా చేసుకుంటున్నాయి. ఉషారాణి ఒక కాపలాని ఇంటికి పంపించి, ఇంకొకదానికి పని ఇచ్చి, మిగతావాళ్ళనందరినీ ఒడ్డున దింపేసింది. తెర మీద కిటికీలు తేలుతూ మూసుకోవడం, నీడలు పడడం లాంటి సోకులన్నీ ఆపేసింది. లంకలో లేని వైఫై కోసం అది పగలంతా వెతుక్కుంటోందని గమనించి ఆ వెతుకులాటా మానిపించింది. తెర వెలుతురు సగానికి తగ్గించింది. అమలాపురం నుంచి కొత్త ర్యామ్ ముక్క తెప్పించి, కంప్యూటర్ అడుగునున్న చిన్న తలుపు తీసి తనే అమర్చింది.

గట్టి తగాదా వచ్చింది హారతి దగ్గర. చంటిదాన్ని కాసేపు ముట్టుకోకుండా వదిలేస్తే తెర మీద అమ్మవారు వచ్చి, చుట్టూ దీపాలు తిరిగి, గంటలు మోగేవి. అది పెద్దింట్లమ్మ పెట్టించుకున్నది. దీపాలు తిరుగుతున్నంతసేపూ బ్యాటరీ కరిగిపోతోంది. ఉషారాణి ఆలోచించి అడిగింది.

"అత్తయ్యగారండీ, హారతి గుళ్ళో నిలబెట్టి ఇస్తారా, నడిరోడ్డు మీద మోసుకుంటూ ఇస్తారా?"

పెద్దింట్లమ్మ కళ్ళు చిన్నవి చేసుకుంది. "నన్ను ఎక్కడికో తీసుకెళ్తున్నావే అమ్మాయ్."

ఎక్కువ దూరం తీసుకెళ్ళలేదు. పొద్దున్న ఇంట్లో, ప్లగ్గులో ఉన్నప్పుడు ఒక్కసారి హారతి, ఆ తర్వాత రోజంతా అమ్మవారికి విశ్రాంతి అన్న మాట మీద ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఇదంతా అయ్యేక బొత్తాం నొక్కింది. అదే సమయానికి పెద్దింట్లమ్మ కాఫీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంది. తెర మీద బొమ్మ వచ్చేసింది. ఆవిడ గుక్క వేసి నాలిక కాల్చుకుని, ఇంకా కాలుతోందే అని ఒకసారి గ్లాసువైపూ, ఒకసారి చంటిదానివైపూ చూసింది. మొదట చెప్పిన ఘనకార్యం ఇదే. ఆ సాయంత్రం నీడపట్టున ప్లగ్గు తీసేసి వదిలేస్తే, దీపాలు పెట్టే వేళ దాకా కునుకు తీయలేదు. దొరబాబు వెళ్ళి టీ దుకాణంలో చెప్పొచ్చేడు.

తొందరపడ్డాడు. గురువారం పొద్దున్న ఉషారాణి డాబా మీద ఎండలో, చెరువు గట్టు మీదలాగే, మైక్రోస్కోపు తగిలించి చూసింది. కాసేపు చురుగ్గానే ఉంది. తర్వాత ఒళ్ళు కాలడం మొదలెట్టింది. బొమ్మ ఆగి ఆగి కదిలింది. బ్యాటరీ కళ్ళముందే జారిపోయి, చంటిది మళ్ళీ నల్లబడింది. శుక్రవారానికి మధ్యలో ఇక ఆ పగలే ఉంది.

ఆవిడ చంటిదాన్ని పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. దొరబాబు వచ్చి పక్కన కూర్చున్నాడు. మొరాయించిన పడవ ఇంజన్ని చూసినట్టు చంటిదాన్ని చూస్తూ, నీడలో బాగుంటుంది, పని చెబితే పడిపోతుంది, ఇదేం రోగమో అన్నాడు. ఆ మాటకి ఉషారాణి తల తిప్పింది. అలాంటి రోగం ఆవిడకి తెలుసు. కదలకుండా ఉంటే బాగానే ఉండి, కాస్త కష్టం తగలగానే తేలిపోయే రొయ్యల్ని ఆవిడ వందల చెరువుల్లో చూసింది. సత్యదుర్గారావు గారి చెరువులో ఉన్నవి అవే. అలాంటి రొయ్య చేతికొస్తే మందు చెప్పే ముందు ఆవిడ చూసేది ఒక్కటే.

"ఏవండీ, సన్న స్క్రూడ్రైవర్ ఇవ్వండి. దీని మొప్పలు చూడాలి."

అడుగు రేకు ఊడదీసింది. లోపల చిన్న ఫ్యాను ఉండాలి. ఫ్యాను ఉండాల్సిన చోట ఒక పసుపు ముద్ద ఉంది. మామూలు ముద్ద కాదు. పొరలు పొరలుగా, మధ్య మధ్య ఎర్రటి చారలతో, సాంబ్రాణి మసి అద్దుకుని, కొబ్బరినూనెతో బిగుసుకుపోయి ఎవరో శ్రద్ధగా చేసిన మిఠాయిలా ఉంది. దాని మధ్యలోంచి ఫ్యాను రెక్క ఒకటి పైకి చూస్తోంది.

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. దొరబాబు ఏమీ అనకుండా లేచి పిట్టగోడ దగ్గరికి వెళ్ళి సముద్రంవైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు మాత్రం ఊగుతున్నాయి. అప్పుడే పెద్దింట్లమ్మ ఎండుచేపల చాట పట్టుకుని డాబా ఎక్కింది.

ఉషారాణి గొంతు సర్దుకుంది. "అత్తయ్యగారండీ, పొద్దున్నే దీనికి పసుపు ఎక్కడ పెడతారండీ?"

"కుంకుమ మూత మీద. పసుపేమో అదిగో, ఆ పక్కన సన్న చీలికలున్నచోట. అది ఊపిరి వదిలేది అక్కడే కదే అమ్మాయ్. చెయ్యి పెడితే వెచ్చగా తగుల్తుంది. ప్రాణమున్నచోట పెట్టకుండా మూత మీద పెట్టి ఏం లాభం?"

అత్తగారి పూజే దీన్ని చంపుతోందని ఏ కోడలు చెబుతుంది? పెద్దింట్లమ్మే చాట దింపి, కళ్ళజోడు పెట్టుకుని, వంగి లోపలికి చూసింది. వేలితో కొంచెం గిల్లి వాసన చూసింది. తన పసుపు తను గుర్తుపట్టకుండా ఉంటుందా? కొడుకు వీపువైపు చూసి, నవ్వింది చాలు అని అతనికి చెప్పి, కోడలివైపు తిరిగింది.

"పడవ అడుక్కి గుల్ల పట్టినట్టు పట్టిందన్నమాట. లే అవతలికి. ఇది చదువుతో వదిలేది కాదు."

చీపురులోంచి కొబ్బరి ఈనె ఒకటి తీసి, కొస సన్నగా చెక్కింది. తెగిన వలలో ముడిని ముడి తెలియకుండా విప్పే వేళ్ళవి. పొర వెనక పొర, చారలతో సహా, ఫ్యాను రెక్క ఒక్కటి వంగకుండా తీసింది. మిగిలిన నూనె జిడ్డుని ఉషారాణి దూదితో తుడిచింది. కుంచె పెట్టి దుమ్ము విదిల్చింది దొరబాబు, నవ్వినందుకు శిక్షగా. రేకు బిగించి ఎండలోనే మళ్ళీ పెట్టేరు. ఈసారి పక్కనున్న చీలికల్లోంచి గాలి సుయ్యిమని వచ్చింది. పెద్దింట్లమ్మ ఆ గాలికి చెంప పెట్టి, ఇన్నాళ్ళకి ఊపిరి తీసిందని నమ్మకంగా చెప్పింది. మధ్యాహ్నం దాకా ఎండలో మైక్రోస్కోపు తగిలించే ఉంచేరు. వేడెక్కలేదు, మందగించలేదు, నల్లబడలేదు.

ఆవిడ ఒకే ఒక్క షరతు పెట్టింది. తన పసుపు వల్ల దానికి ఊపిరాడలేదన్న సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియకూడదు. ఉషారాణి మాట ఇచ్చింది, నిలబెట్టుకుంది కూడా. ఊరందరికీ చెప్పింది పెద్దింట్లమ్మే. ఈనె ఎంత సన్నగా చెక్కిందో చూపించకుండా ఉండలేకపోయింది.

శుక్రవారం పొద్దున్న గడప దగ్గర పసుపు గిన్నెతో నిలబడి ఆవిడ ఒక క్షణం తటపటాయించింది. తర్వాత సంచి పట్టీకి గుండ్రంగా బొట్టు పెట్టింది. అక్కడ ఎంత పెట్టినా ఊపిరికి అడ్డం లేదు కాబట్టి నాలుగు రోజులకి సరిపడా పెట్టింది.

లంకకి నావ చేరేసరికి వల మనుషులు లుంగీలు ఎగ్గట్టి గట్టు మీద సిద్ధంగా ఉన్నారు. జనార్దన్ దూరం నుంచే చూసి, డాక్టరమ్మగారు వచ్చేరు, ఎవరన్నా ఒక దుప్పటీ తలగడా తెండి అని కేకేసేడు. ఉషారాణి వినిపించుకోనట్టు మేత తొట్టి ఒకటి బోర్లించి, దాని మీద చంటిదాన్ని పెట్టి మూత తీసింది. ఇంట్లోనే లేపి, మూత మూసి తెచ్చింది. తియ్యగానే కళ్ళు తెరిచింది. జనార్దన్ ఇంకో మాట సిద్ధం చేసుకునేలోపే రొయ్య మొప్ప తెర మీదికి వచ్చేసింది.

మొప్ప మీద, సన్నటి కాడలకి పూసిన గంటపువ్వుల్లాంటివి, గుత్తులు గుత్తులుగా. అవి ముడుచుకుంటున్నాయి, సాగుతున్నాయి. ఉషారాణి సూది మొనతో పెంకుని గీకింది. గీకినచోట పెంకు గాజులా శుభ్రమైంది.

"చూడండి దుర్గారావుగారండీ. తెల్లమచ్చ పెంకు లోపల ఉంటుంది, గీకితే పోదు. ఇది కంటికి ఆనని సన్న పురుగు, పైన కూర్చుని ఊపిరి ఆపుతోంది. నీళ్ళు మార్పించండి, అడుగు బురద తీయించండి, మేత తగ్గించండి. పెంకు విడిచినప్పుడు దీన్నీ విడిచేస్తాయి. మీ అనుమానం తీరడానికి ఒక ముక్క ల్యాబుకి పంపిద్దాం. ఈలోపు వల దించకండి."

సత్యదుర్గారావు గారు మోకాళ్ళ మీద కూర్చుని చూసేడు. కళ్ళజోడు తుడుచుకుని చూసేడు. ఇంకో రొయ్య తెప్పించి చూసేడు, చెరువు అవతలి మూల నుంచి మరొకటి తెప్పించేడు. అతని తమ్ముడు చూసేడు, మేత చల్లేవాళ్ళు చూసేరు, వల మనుషులు కూడా ఒకళ్ళ భుజాల మీంచి ఒకళ్ళు వంగి చూసేరు. పొద్దు నెత్తికెక్కింది. అందరి కళ్ళూ రొయ్య మీద ఉంటే ఉషారాణి కన్ను తెర మూలనున్న బ్యాటరీ గుర్తు మీద ఉంది. సగానికి పైగానే ఉంది. పక్కనుంచి సుయ్యిమని గాలి వస్తోంది.

జనార్దన్ ఎప్పుడు వెళ్ళేడో ఎవరూ చూడలేదు. వచ్చినప్పుడు మాత్రం చేతిలో చిన్న గిన్నె ఉంది, అందులో తన చెరువు రొయ్య ఉంది.

"చెల్లెమ్మగారూ, దీన్ని కూడా ఒకసారి ఆ చంటిదాని కింద పెడతారా అండి."

పెట్టింది. ఇతని రొయ్య మీద పువ్వులు ఇంకా ఎక్కువ పూసేయి. జనార్దన్ చాలాసేపు తెరనే చూస్తూ ఉండిపోయేడు. ఆ రోజు లంకలో ఆయన నోట మాట లేకుండా గడిచిన సమయం అదొక్కటే.

సత్యదుర్గారావు గారు లేచి, పంచె దులుపుకుని, వల మనుషులవైపు తిరిగేడు. "టిఫిన్లు చేసి వెళ్ళండయ్యా. ఇవాళ పట్టుబడి లేదు."

తిరుగు నావలో ఉషారాణి చంటిదాన్ని మూయలేదు. మూయాల్సిన అవసరం లేదు గనక. రేవులో టీ దుకాణం ముందు నుంచి, తెర వెలుగుతూ ఉండగానే ఒళ్ళో పెట్టుకుని, స్కూటర్ మీద దొరబాబు వెనక కూర్చుని నెమ్మదిగా ఇంటికి వచ్చింది. పెందలాడే పడుకోమన్నాయన తన టీ గ్లాసులోకి తొంగి చూసుకున్నాడు. గుమ్మంలో పెద్దింట్లమ్మ ఒక్కటే అడిగింది, దారిలో ఎక్కడైనా పడుకుందా అని.

ల్యాబువాళ్ళు తెల్లమచ్చ లేదని రాసి పంపేరు. ఆ చెరువులో రొయ్య పెంకు విడిచి, మళ్ళీ అడుక్కి దిగి మేత మేసింది. నిండుగా ఎదిగేకే పట్టుబడి చేసేరు. సత్యదుర్గారావు గారు వల నుంచి తీసిన మొదటి రొయ్యల బుట్టని స్వయంగా ఓడలరేవు తెచ్చి పెద్దింట్లమ్మ గారికి ఇచ్చి, ఇది కోడలిగారికి కాదండి, ఈనె చెక్కిన చేతికి అన్నాడు. అంటే ఆ కబురు లంక దాకా చేరిపోయిందన్నమాట. కునుకు డాక్టరమ్మ అన్న పేరు ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో కంప్యూటర్ మందగిస్తే కూడా ఉషారాణికే ఫోను చేస్తున్నారు. ఆవిడ అడిగే మొదటి ప్రశ్న, ఇంట్లో దానికి పూజ ఎవరు చేస్తారని.

ఆవిడ పేరు కృష్ణా నది దాటింది కూడా. నాగాయలంక వైపు రైతులు కలిసి, తమ చెరువులన్నీ చూసి పెట్టమని పిలిచేరు. బస్సులో వెళ్ళింది, చంటిది ఒళ్ళోనే ఉంది, సంచి పట్టీ మీద పసుపు పట్టీ కంటే మందంగా ఉంది. అక్కడ మొదటి రోజు గట్టు మీద పొద్దు వాలేదాకా అది కళ్ళు మూయలేదని ఫోనులో చెప్పింది. పెద్దింట్లమ్మ ఆ మాట వినగానే ఫోను పెట్టేసి, పక్కింటికి చెప్పడానికి వెళ్ళింది.

జనార్దన్ చెరువులో మళ్ళీ కొన్ని రొయ్యలు అంచుకి వస్తున్నాయట. ఇప్పటికి రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి, చెల్లెమ్మగారు ఎప్పుడొస్తారండి అని వినయంగా అడిగేడు. పెద్దింట్లమ్మ ప్రతిసారీ చాట కింద పెట్టి, అంత దూరం వెళ్ళిన మనిషి గురించి చెప్పాల్సిన గాంభీర్యంతో ఒకటే జవాబు చెబుతోంది: చంటిదీ, దాని డాక్టరమ్మా ఇంటికి వచ్చేది మార్చి ఇరవై రెండు, ఆదివారం.